బండి విరామ చట్టం

శ్రామిక సమానతా పక్షం ప్రధాన కార్యదర్శి గారు ప్రతి పొద్దునా ఆసుపత్రి దుప్పట్లు వేరుచేస్తారు. నెత్తురంటినవి ఒక గుట్ట, మందు మరకలవి ఒక గుట్ట, ఊరికే మాసినవి ఒక గుట్ట. సమాజాన్ని వర్గాలుగా విడదీసి చూడాలన్నది పక్షం మూల సిద్ధాంతం కనుక ఈ ఉద్యోగం ఆయన సిద్ధాంతానికి విరుద్ధమేమీ కాదు. ఇబ్బందల్లా ఒక్కటే. పొద్దుటినించి సాయంత్రం దాకా నిలబడే చెయ్యాలి. ప్రధాన కార్యదర్శి పదవి ఉండి కుర్చీ లేనివాడు చరిత్రలో బహుశా ఈయనొక్కడే.

ఇక్కడినించి 'గారు' తీసేద్దాం. అతని పక్షం బిరుదులకి వ్యతిరేకం.

పక్షం ఉన్న దేశం పేరు మేఘావతి గణతంత్రం. దాన్ని పటంలో వెతకనక్కర్లేదు. అది కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఉంది. తీరికున్న పెద్దమనిషి ఎవరో దాన్ని స్థాపించి, రాజ్యాంగం రాసి, జెండా గీసి, రండి పౌరులారా అని పిలిచాడు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరారు. అక్కడ ఎన్నికలున్నాయి, శాసనసభ ఉంది, బడ్జెట్టుంది, ఫిరాయింపులు కూడా ఉన్నాయి. వాన మాత్రం లేదు. స్థాపకుడు వాతావరణం పెట్టడం మర్చిపోయాడు. అయినా ఏటా పంటలు పండుతూనే ఉన్నాయి. ఇది ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ సాధించిన విజయమని మన కార్యదర్శి ఒక వ్యాసం కూడా రాశాడు.

ఒకప్పుడు పక్షం ఆ దేశాన్ని పాలించింది. అధికారంలోకి వచ్చిన మధ్యాహ్నమే పేదరికాన్ని రద్దు చేసింది. అందుకొక మీట ఉండేది. ఆ మీట ఎవరు నొక్కాలన్న దాని మీద మాత్రం చాలా వారాలు చర్చ నడిచింది. తరవాత జెండాలో ఎరుపు ఏ ఎరుపు అన్న ప్రశ్న లేచింది. ముదురెరుపు వాళ్ళు వెళ్ళి వేరు కుంపటి పెట్టుకున్నారు. లేతెరుపు వాళ్ళలోంచి అసలైన లేతెరుపు వాళ్ళు విడిపోయారు. మిగిలినవాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి, ఫోన్లు పోయాయి. "కామ్రేడ్, పాప పుట్టింది, విప్లవం సంగతి మీరు చూసుకోండి" అని రాసి ఆఖరివాడు కూడా వెళ్ళిపోయాడు. చూసుకోవడానికి మన కార్యదర్శి ఒక్కడే మిగిలాడు.

మేఘావతి రాజ్యాంగం ప్రకారం ప్రతి పక్షమూ ఆదివారం పొద్దున సభలో ఏడుగురి చేత 'హాజరు' పలికించాలి. తగ్గితే పక్షం పేరు కొట్టేస్తారు. మన పక్షానికి హెచ్చరికలన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది కొట్టివేతే.

మామూలు మనిషికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ అతని జీవితంలో అతని మాట ఎవరైనా నిలబడి విన్న చోటు అదొక్కటే. పెళ్ళి కాలేదు. చదువు మధ్యలో ఆగింది. ఉండేది అక్కగారింట్లో. ముందుగదిలో సగం అతనిది, సగం చెప్పులది. అక్క కూడా ఆ దుప్పట్లు ఉతికే షెడ్డులోనే, ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేస్తుంది. బావ ఒకప్పుడు లారీ నడిపేవాడు. నడుం పోయింది. నడుం పోయాక నోరు బలపడింది.

"ఏమోయ్ కార్యదర్శీ, మీ దేశంలో బావమరుదులకి పింఛనుందా?" అంటాడు మంచం మీదనించి.

"బావలకే ఉంది బావా."

"మరి నన్నింకా ఇక్కడెందుకుంచావ్? పంపెయ్ నన్నక్కడికి."

"పంపెయ్ రా," అంది అక్క చెప్పులు విడుస్తూ. "ఇద్దరూ కలిసే వెళ్ళండి. ఓ మంచం ఖాళీ అయితే నేను పడుకుంటాను."

నవ్వుతూనే అంది. కానీ గుమ్మం పట్టుకుని అంది. గుమ్మం వదిలితే పడిపోతుందని బావకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు. అందుకే ఇద్దరూ నవ్వారు.

ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు బండి సంగతి చెప్పాలి. ఉతికి పిండిన దుప్పట్లు చక్రాల బండిలో రోలరు దగ్గరికొస్తాయి. రోలరంటే ఆవిరితో కాలే పెద్ద ఇనప పీపా. దుప్పటి అంచు రెండు చేతులా పట్టి దాని కిందకి అందించాలి. అటువైపు ఇస్త్రీ అయి బయటికొస్తుంది. అక్కడ ఒక నిమిషం నిలబడితే జ్వరం వచ్చినట్టుంటుంది. అక్క అక్కడ ఏళ్ళ తరబడి నిలబడింది. ఇన్నాళ్ళూ నిలబడగలిగింది ఒక ఆనవాయితీ వల్ల. బండి ఖాళీ అయ్యాక, దాన్ని తోసుకెళ్ళి మళ్ళీ నింపుకొచ్చేదాకా రోలరు ఆపి ఆవిడ స్టూలు మీద కూర్చునేది. దాన్ని 'బండి కూర్చోవడం' అనేవాళ్ళు. అది ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ అడిగింది కాదు. ఒకటే బండి ఉండడం వల్ల దానంతటదే పుట్టింది.

కొత్త సూపర్‌వైజరు వచ్చి రెండో బండి కొన్నాడు. ఒకటి ఖాళీ అయ్యేసరికి ఇంకోటి నిండి పక్కనే నిలబడి ఉంటుంది. రోలరు ఆగే పనే లేదు. కూర్చునే పనే లేనప్పుడు స్టూలెందుకని దాన్ని తన గదిలోకి తీసుకెళ్ళి, మీద ఫ్లాస్కు పెట్టుకున్నాడు.

ఆ తరవాత అక్క పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. ఒకరోజు కళ్ళు తిరిగి ముందుకి తూలింది. దుప్పటితో పాటు వేళ్ళు కూడా లోపలికి పోబోతుంటే బాయిలరు చూసే బాబాయ్ ఎర్ర మీట కొట్టి ఆపాడు. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి, ఆగిన రోలరు వంక చూసి, "ఎంతసేపు ఆగుతుందిది?" అనడిగాడు.

"నా చెయ్యి కూడా ఇస్త్రీ అయ్యేదిరా ఇవాళ," అంది అక్క ఇంటికొచ్చే దారిలో. "మడతపెట్టి ఆసుపత్రికి పంపేసేవాళ్ళు."

కార్యదర్శి ఆవేళ దుప్పట్ల గుట్ట దగ్గర నిలబడి అంతా చూశాడు. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. మేఘావతి శాసనసభలో స్వేచ్ఛా వ్యాపార వేదిక నాయకుణ్ణి గంటసేపు ఏకధాటిగా చీల్చి చెండాడిన గొంతు అది.

ఆ వారం పక్షానికి ఆఖరి వారం. అతను బరితెగించాడు. మధ్యాహ్నం భోజనాల వేళ బాయిలరు వెనక అందరూ గిన్నెలు విప్పుకుని కూర్చున్నప్పుడు, తన జీవితంలో మొదటిసారి, నిజమైన మనుషుల ముందు ప్రసంగించాడు. ప్రసంగం ఇలా సాగింది:

"అదీ... మీ అందరికీ ఫోన్లున్నాయి కదా."

"ఉంటే?" అన్నాడు బాబాయ్.

"ఒక పక్షంలో చేరాలి. శ్రామికుల పక్షం. ఆదివారం పొద్దున 'హాజరు' అని రాస్తే చాలు."

"చేరితే ఏమొస్తుంది?"

"ఓటు హక్కు."

"అదుంది నాకు. ఇంకోటి చెప్పు."

"అసలది ఏ దేశం?" అనడిగింది చిరిగిన దుప్పట్లకి మాసికలేసే మామ్మ.

ఇది ఆట అని చెప్పాలని అతనికి నోటిదాకా వచ్చింది. చెబితే గిన్నెలు మూసుకుని లేచిపోతారనిపించింది. "మేఘావతి," అన్నాడు. "మనదే."

"అందులో నా వయసు నువ్వే వేస్తావా?"

"ఎంతుంటే అంతే వెయ్యాలి మామ్మా. పక్షం నిజాయితీకి—"

"పాతికెయ్యి. అక్కడికి కూడా ఈ మోకాళ్ళే మోసుకెళ్ళాలా ఏం?"

దుప్పట్లు మడతపెట్టే తోడికోడళ్ళిద్దరితో చిక్కొచ్చింది. వాళ్ళు ఒకే దుప్పటిని చెరో కొసా పట్టుకుని రోజంతా మడతపెడతారు కానీ మాటల్లేవు. "ఆవిడ చేరితే నేను చేరను" అంది పెద్దది, బాబాయ్‌తో. "ఆవిడ చేరనంటే నేను చేరతాను" అంది చిన్నది, గిన్నెతో. అక్క ఇద్దరి ఫోన్లూ లాక్కుని ఇద్దర్నీ చేర్చేసింది. వ్యాను డ్రైవరు ఏమిటని అడక్కుండానే చేరాడు. ఎక్కడ ఏమడిగినా వేలిముద్ర వేసెయ్యడం అతనికి అలవాటు.

ఇంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. పాపం అమాయకులు, నిజం దేశమే అనుకుంటున్నారు అని కార్యదర్శి తనలో తాను తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానానికి సభ ఆమోదం లేదు. అయినా దాని మీదే అతను చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే ఆదివారం ఏడు 'హాజరు'లు లెక్కపెట్టుకుని, పక్షం బతికిందని కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు అక్క అడిగింది. "మీ సభలో మా బండి సంగతి ఎత్తవా?"

"ఎత్తచ్చు. కానీ అక్కా, అది..."

"అది?"

"చాలా చర్చ జరగాలి."

"జరగనీ."

అతను బిల్లు రాశాడు. శ్రామికుల విశ్రాంతి హక్కుల సంరక్షణ బిల్లు అని పేరు పెట్టి, సాయంత్రం ఇంట్లో చదివి వినిపించాడు. అక్క పాదాలు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని వింది.

"'అలసట చెందిన శ్రామికులకు' అన్నావేంట్రా? అలిసిపోయావని ఎవడొప్పుకుంటాడు? 'బండి ఖాళీ అవగానే' అని రాయి."

రాశాడు.

"ఆపనివ్వకపోతే ఎవరిదట తప్పు?"

"ప్రభుత్వం సమీక్షిస్తుంది అని రాశాను."

"ప్రభుత్వం వచ్చి మా షెడ్డులో నిలబడుతుందా? అక్కడ నిలబడేవాడి పేరు రాయి."

ఆ విధంగా ఏడో నిబంధన పుట్టింది: విరామాన్ని అడ్డుకున్న పర్యవేక్షకుడు అందుకు స్వయంగా, వ్యక్తిగతంగా బాధ్యుడగును. పేరు కూడా ఆవిడే మార్చింది. బండి విరామ చట్టం.

"ఎవరికైనా ఇట్టే అర్థమవ్వాలి కదా," అంది.

బావ గోడ వైపు తిరిగి పడుకుని నవ్వడం మొదలెట్టాడు. నడుం పట్టేసినా ఆపలేదు.

శాసనసభలో బిల్లుకి ఎదురుగాలి బాగానే వీచింది. శ్రామికులు కూర్చుంటే దేశ ఆర్థిక వ్యవస్థ కూడా కూర్చుంటుందని స్వేచ్ఛా వ్యాపార వేదిక నాయకుడు హెచ్చరించాడు. పాతికేళ్ళ మామ్మ లేచి, "నువ్వొచ్చి ఓ పూట నిలబడు నాయనా" అని రాసింది. సభ చరిత్రలో అంత చిన్న ప్రసంగం లేదు. బిల్లు నెగ్గింది. మన కార్యదర్శి రాజకీయ జీవితంలో అది శిఖరం. ఆ శిఖరం మీద నిలబడి చూస్తే అతనికి కనపడింది అక్క మొహం. ఎంత సంబరపడిందో! రేపు నిజం తెలిస్తే ఏమవుతుంది?

"ప్రింటు తీయించరా," అంది ఆవిడ. "ముద్ర పెద్దది పడాలి. అక్షరాలు కూడా."

"ఎందుకక్కా?"

"దాచుకోడానికి."

ప్రింటు తీయించాడు. మేఘావతి ముద్రలో రెండు మబ్బులు, మధ్యలో పళ్ళచక్రం. చూడ్డానికి నిజం ముద్రల కన్నా గంభీరంగా ఉంది.

సోమవారం పొద్దున మొదటి బండి ఖాళీ అయింది. రెండోది నిండుగా పక్కనే ఉంది. అక్క ఎర్ర మీట నొక్కింది. సబ్బు డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది. తోడికోడళ్ళు సగం మడిచిన దుప్పటి మీదే చతికిలబడ్డారు, ఒకరి పక్కన ఒకరు. మామ్మ ఎలాగూ కూర్చునే ఉంటుంది కాబట్టి ఇంకాస్త వెనక్కి వాలింది.

సూపర్‌వైజరు వచ్చాడు. "ఏంటిది? ఆగిందా?"

"ఆపాం. బండి విరామం."

"ఎవరిచ్చారు?"

"చట్టం."

కొంగులోంచి కాయితం తీసి ఇచ్చింది. అతను నిలబడి చదివాడు. ముద్ర చూశాడు. కాయితం వెనక్కి తిప్పి మళ్ళీ ముద్ర చూశాడు. మేఘావతి గణతంత్రం ఏమిటో అతనికి తెలీదు. కానీ తనకి తెలీదని ఒప్పుకోకుండానే అతను ఇంత ఉద్యోగంలోకి వచ్చాడు. ఈమధ్య ఆఫీసుల పేర్లు, బోర్డుల పేర్లు రోజుకోటి మారుతున్నాయి. ఇది కూడా ఏదో అలాంటిదే అయ్యుండచ్చు. ఏడో నిబంధన దగ్గరికొచ్చేసరికి పెదాలు కదిలించి చదివాడు. 'వ్యక్తిగతంగా' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. రోలరు చల్లారుతున్నా అతనికి చెమట పట్టింది.

"ఇది... పైకి అడగాలి," అన్నాడు.

"అడగండి సార్. తొందరేముంది," అంది అక్క.

"అందాకా..." అతను చుట్టూ చూశాడు. "డబ్బా మీద ఎందుకు కూర్చున్నావమ్మా? నిబంధనలో 'ఆసనం' అని ఉంది." గదిలోకెళ్ళాడు. ఫ్లాస్కు చప్పుడైంది. స్టూలు తనే మోసుకొచ్చి రోలరు పక్కన పెట్టాడు.

అక్క దాని మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. రెండో బండి వచ్చాక ఆ షెడ్డులో రోలరు హోరు ఇంతసేపు ఆగడం ఇదే మొదటిసారి. కొళాయిలోంచి నీటి చుక్కలు పడడం వినపడింది. పక్కనే నిండు బండి, అందులో తడి దుప్పట్లు. ఏమీ మునిగిపోలేదు. ఆర్థిక వ్యవస్థ ఎక్కడుందో అక్కడే ఉంది.

సూపర్‌వైజరు ఫోను తీసుకుని గది వైపు వెళుతూ, దారిలో దుప్పట్ల గుట్ట దగ్గర ఆగాడు. "ఏమయ్యా, నువ్వు కాస్త చదువుకున్నవాడివి కదా. ఇది ఎప్పటినించి అమల్లోకొచ్చింది? పైవాళ్ళు అడుగుతారు."

అడిగింది అంతే. నిన్నటినించి అంటే సరిపోయేది. తెలీదు అన్నా సరిపోయేది. ఊరికే భుజాలెగరేసినా సరిపోయేది. కానీ మన కార్యదర్శి కళ్ళకి వేరేది కనపడుతోంది. పైకి ఫోన్ వెళుతుంది, ఈ దేశం లేదని తేలుతుంది, దొంగ ముద్ర అంటారు, అక్కని ఎవరో చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళతారు. తన ఆట నమ్మి, పాపం, ఏమీ తెలియని మనుషులు నాశనమైపోతారు. నాలుగేళ్ళుగా షెడ్డులో రాని గొంతు, రావాల్సినప్పుడల్లా రాని గొంతు, అప్పుడు వచ్చింది. గట్టిగా కూడా వచ్చింది.

"అది నిజం కాదు సార్! ఫోన్లో ఆడే ఆట! దేశం లేదు, చట్టం లేదు. తప్పంతా నాదే. వీళ్ళకి తెలీదు సార్, వీళ్ళు అమాయకులు!"

అక్క కళ్ళు తెరిచింది. ఎవరి వంకా చూడలేదు. రోలరు వంక చూసింది.

చిన్న తోడికోడలికి నవ్వాగలేదు. నవ్వింది కార్యదర్శిని చూసి కాదు. స్టూలు మోసుకొచ్చిన చేతులు ఇంకా అలాగే పెట్టుకున్న సూపర్‌వైజర్ని చూసి. ఆ నవ్వే కొంప ముంచింది. ఆట అని తెలిశాక అతను కూడా నవ్వేసి ఊరుకునేవాడేమో. కానీ ఒక కూలిమనిషి కోసం తను స్టూలు మొయ్యడం ఇంతమంది చూశారు. అది చూసినవాళ్ళలో ఒక్కరైనా వెళ్ళిపోతే తప్ప అతను ఆ షెడ్డులో తలెత్తుకోలేడు.

"లేమ్మా," అన్నాడు. "ఇంటికెళ్ళి ఆడుకో. రేపటినించి రావద్దు."

అక్క లేచింది. లేచేముందు స్టూలు మీద రెండు చేతులూ ఆనించింది, గుమ్మం పట్టుకున్నట్టు.

"నువ్వు మాత్రం నిజం చెప్పావు," అన్నాడు సూపర్‌వైజరు కార్యదర్శితో. "నిజం చెప్పేవాడు నాకిక్కడ ఒకడు కావాలి. నీకు కుర్చీ వేయిస్తాను."

గేటు దగ్గర కార్యదర్శి అక్కని అందుకున్నాడు. "అక్కా, నీకెలా చెప్పాలో తెలీలేదు. అది ఆటక్కా. మొదటినించీ ఆటే."

"నీకెవరు చెప్పార్రా నాకు తెలీదని?"

అతను వెనక్కి తిరిగి షెడ్డు వంక చూశాడు.

"వానలేకుండా పంటలు పండే దేశం. మామ్మకి పాతికేళ్ళు. బాబాయ్‌కి కూడా తెలుసు. ఆ వేలిముద్రల డ్రైవరుకి కూడా తెలుసు. నాకు తెలుసు, నీకు తెలుసు. ఈ షెడ్డులో తెలీనివాడు వాడొక్కడే. నువ్వెళ్ళి వాడికి చెప్పావు."

"మరి... నాకు ముందే చెప్పచ్చు కదా..."

"నీకు అబద్ధం ఆడ్డం రాదు. నిజంగా నమ్మినవాడి మొహం నీది. అది పనికొస్తుందనుకున్నాను." ఆవిడ చెప్పుల్లోకి పాదాలు తోసుకుంది. పట్టలేదు. "వాడు పైకడిగి, ఆ పైవాడు ఇంకా పైకడిగి, తేలేసరికి రెండ్రోజులయ్యేది. రెండ్రోజులు కూర్చున్నాక అందర్నీ లేపడం అంత తేలిక కాదు. స్టూలు వాడే తెచ్చాడు కదరా! దాన్ని మళ్ళీ ఎలా తీసుకెళతాడు? ఇంకాసేపు నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?"

చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఆవిడ పని కోసం తిరిగింది. ఒకచోట వయసడిగారు. ఒకచోట పాదాల వంక చూసి ఏమీ అడగలేదు. ఒకచోట రమ్మని, అంతలో ఎవరికో ఫోన్ చేసి, వద్దన్నారు. ఇంట్లో తమ్ముడితో మాట్లాడలేదు. బావ కూడా జోకులు మానేశాడు. మిగతా అన్నిటికన్నా దానికే కార్యదర్శి ఎక్కువ భయపడ్డాడు. ముందుగదిలో చెప్పుల పక్కన చెప్పులా కూర్చునేవాడు.

ఆదివారం పొద్దున అతను అలవాటు కొద్దీ సభ తెరిచాడు. 'హాజరు' అని రాశాడు. రాసి చూస్తూ కూర్చున్నాడు. ఇంకెవరొస్తారు? సభ ముగిసే వేళ దగ్గర పడుతోంది. పక్షం పేరు పక్కన అప్పుడే ఒక గీత సిద్ధంగా ఉన్నట్టు అతనికి అనిపించింది. మంచిదే అనుకున్నాడు. కొట్టేయనీ. నాదే ముందు కొట్టేయాల్సిన పేరు.

అప్పుడు 'హాజరు' అని పడింది. అక్క. ఆవిడ గోడకి అవతల వంటింట్లో, ఫోను ఉప్పు సీసాకి ఆనించుకుని ఉంది. తరవాత బాబాయ్. మామ్మ. డ్రైవరు. తోడికోడళ్ళు, ఒకరి వెంట ఒకరు.

ఏడుగురు. పక్షం బతికింది. అతను ఏడుపు ఆపుకుంటుంటే కింద తీర్మానం వచ్చింది. ప్రతిపాదించింది అక్క.

'పక్షం సభ్యులను పరాయివాడి ముందు అమాయకులన్నందుకు ప్రధాన కార్యదర్శిని పదవి నించి తొలగించాలి.'

నిజం చెప్పినందుకు అని లేదు. తన ఉద్యోగం పోగొట్టినందుకు అని లేదు. అతను మళ్ళీ చదివాడు. ఆ ఒక్క మాటే ఉంది.

సమ్మతం, అన్నాడు బాబాయ్. సమ్మతం, అంది మామ్మ. పెద్ద తోడికోడలు సమ్మతమంది. ఆవిడ సమ్మతమంటే నేను కూడా సమ్మతమే అని చిన్నది రాసింది. వాళ్ళిద్దరి మధ్య అదే మొదటి సంభాషణ. డ్రైవరు వేలిముద్ర బొమ్మ పెట్టాడు. నియమం ప్రకారం తీర్మానానికి ఏడో ఓటు కూడా పడాలి. మన కార్యదర్శి ఓటేశాడు. సమ్మతం. పక్షం చరిత్రలో చీలిక లేకుండా నెగ్గిన మొదటి తీర్మానం అదే.

'మామూలు సభ్యుడిగా ఉండనిస్తారా?' అని రాశాడు.

'దరఖాస్తు పెట్టుకో, చూద్దాం,' అన్నాడు బాబాయ్.

వంటింట్లో గిన్నె చప్పుడైంది. "మీ బావమరిదిని అన్నానికి రమ్మనండి," అంది అక్క, మొగుడితో.

"ఏ హోదాలో పిలవమంటావ్?" అన్నాడు బావ. వారం తరవాత అదే మొదటి జోకు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చోవడం, కూర్చుంటూ మూలగడం వినపడింది. ఇప్పుడావిడ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఆపేవాళ్ళు లేరు.

మర్నాడు షెడ్డులో దుప్పట్ల గుట్టల పక్కన కుర్చీ వచ్చి ఉంది. కొత్తది, చేతులున్నది. అతను కూర్చోలేదు. దాన్ని ఎత్తి రోలరు దగ్గరికి మోసుకెళ్ళి పెట్టాడు. అక్క చోట కొత్త అమ్మాయి నిలబడి ఉంది. మొహం అప్పుడే కందిపోయింది.

"కూర్చోమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి సూపర్‌వైజరు గది అద్దం వంక చూసింది. "ఎవరిదండీ ఇది?"

"మా అక్కది."

"ఆవిడ ఎప్పుడొస్తారు?"

అంతలో రెండో బండి వచ్చింది.